వరదలో మునిగిన రీళ్లు, నెలనెలా తడిసిపోతున్న ఖర్చు

ప్రశ్న: మాది విజయవాడ, సింగ్‌నగర్. మా నాన్నగారికి గాలం వెయ్యడమంటే ప్రాణం. ఆయన పోయాక రెండు రాడ్లు, మూడు రీళ్లు, ఒక పెట్టెడు గాలాలు నాకు మిగిలాయి. 2024 సెప్టెంబరు వరదలో అవన్నీ వారం దాకా బురదనీళ్లలో ఉన్నాయి. పైపైన కడిగి అటక ఎక్కించేశాను. ఈమధ్య మా అబ్బాయి అడుగుతున్నాడని మళ్లీ మొదలుపెట్టాను. పాత రీళ్లు తిరగడం లేదని కొత్త సెట్టు కొన్నాను. ఏడాది కాకుండానే అది కూడా గరగరమంటోంది. దారం ఊరికే తెగుతోంది. ఆదివారం కృష్ణ ఒడ్డున సీతానగరం వైపు వెళ్తే గాలాలు, సీసం గుండ్లు రాళ్లలో పోగొట్టుకుని వస్తున్నాను. నెలకు పదిహేను వందల దాకా వీటికే అవుతోంది. ఇంట్లో రోజూ ఇదే గొడవ, టెన్షన్. నాన్నగారి రీళ్లు పారెయ్యాలా? ఖర్చు తగ్గే దారి ఏమైనా ఉందా? ఎనిమిదేళ్ల మా అబ్బాయికి ఏ రాడ్ కొనాలి?

సమాధానం: నాన్నగారి రీళ్లు పారెయ్యకండి. విప్పి చూడకుండా అసలే పారెయ్యకండి. రీలు బిగుసుకుపోయిందంటే లోపలి పళ్లచక్రాలు పోయాయని చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు కారణం అది కాదు. మీ ఇంట్లో జరిగింది బహుశా ఇది: బురదనీళ్లు రీలు లోపలికి వెళ్లాయి, మీరు పైన కడిగినా మెత్తటి ఒండ్రు లోపలే ఉండిపోయింది, పాత గ్రీజుతో కలిసి ఎండి గట్టిపడింది. దాన్ని వదిలిస్తే మూడింట్లో ఒకటో రెండో మళ్లీ తిరిగే అవకాశం బాగా ఉంది. ఒకటి ఎందుకూ పనికిరాదని తేలినా దాని మరలు, స్ప్రింగులు, పిడి దాచండి. ఒకే కంపెనీవి అయితే మిగతా వాటికి స్పేర్ పార్టులు దొరికినట్టే.

ఒక మధ్యాహ్నం తీరిక చేసుకుని కూర్చోండి. కింద పాత తెల్లపంచె పరవండి, చిన్న స్ప్రింగు ఎగిరిపడినా కనబడుతుంది. వరద బురదలో మురుగు కూడా కలిసి ఉంటుంది కాబట్టి చేతులకు గ్లౌజులు వేసుకోండి. ముందు దారం చుట్టుకునే స్పూల్ తియ్యండి, తర్వాత పిడి, ఆ తర్వాత పక్క మూత. కొన్ని రీళ్ల పిడికి మర ఎదురు దిశలో ఉంటుంది. ఒకవైపు రాకపోతే బలం పెట్టకుండా రెండోవైపు తిప్పి చూడండి. ఒక్కొక్కటీ విప్పే ముందు ఫోన్‌తో ఫొటో తియ్యండి. విప్పినవాటిని విప్పిన వరుసలోనే కోడిగుడ్ల ట్రేలో గుంటకొకటి చొప్పున పెట్టండి. బిగించేటప్పుడు చివరి గుంట నుంచి వెనక్కి రావడమే. సగం మంది రీలు విప్పడానికి భయపడేది మళ్లీ బిగించలేమనే. ఫొటోలు, ఆ ట్రే ఉంటే ఆ భయం అక్కర్లేదు.

శుభ్రం చెయ్యడానికి పెట్రోలు వాడకండి. కొన్ని ప్లాస్టిక్ భాగాలు దాంతో పాడవుతాయి, ఇంట్లో నిప్పు ప్రమాదం వేరే. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొద్దిగా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఒండ్రు, ముదిరిన గ్రీజు వచ్చేస్తాయి. మంచినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద రాత్రంతా ఆరనివ్వండి. ఎండలో పెట్టొద్దు. బేరింగును వేలి మీద పెట్టి తిప్పితే ఇసుక ఉన్నట్టు ఇంకా గరగరమంటుంటే అది మార్చాల్సిందే. దాన్నే పట్టుకుని ఆటోనగర్‌లో బేరింగులు అమ్మే దుకాణానికి వెళ్లండి. రీళ్లలో వాడే బేరింగులు చాలావరకు మామూలు కొలతలవే కాబట్టి దొరికే వీలుంది. ఒక్క బేరింగు కోసం కొత్త రీలు కొననక్కర్లేదు.

తర్వాత గ్రీజు, నూనె. ఏది ఎక్కడ వెయ్యాలో తెలిస్తే రీలు ఏళ్ల తరబడి ఉంటుంది. పళ్లచక్రాలకు గ్రీజు, అది కూడా పల్చటి పొరలాగా. ముద్దలు పెడితే పిడి బరువెక్కుతుంది. బేరింగులకు, దారం జారే చిన్న రోలర్‌కు ఒక్కొక్క చుక్క కుట్టుమిషన్ నూనె. కొబ్బరినూనె, వంటనూనె ఎంతమాత్రం వద్దు, అవి కొన్నాళ్లకు జిగురై దుమ్మును పట్టేస్తాయి. తుప్పు వదిలించే స్ప్రేని నూనె అనుకుని కొట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. అది ఉన్న గ్రీజును కూడా కరిగించి పంపేస్తుంది, రీలు లోపల ఎండిపోతుంది. మీ కొత్త రీలుకు అలాంటిదేమైనా కొట్టారేమో గుర్తు చేసుకోండి. ఇంకొక్క మాట: పిడి వెనక్కి తిరగకుండా ఆపే రోలర్ బేరింగు ఒకటి ఉంటుంది. దానికి గ్రీజు తగలనివ్వకండి. తగిలితే చేప లాగినప్పుడల్లా పిడి వెనక్కి జారుతుంది. నాన్నగారి చేతిలో తిరిగిన పిడిని మీ అబ్బాయి కూడా తిప్పాలంటే ఈ కష్టం పడాల్సిందే, పడొచ్చు కూడా.

ఇక ఖర్చు. మీ ఉత్తరం చదివాక నాకు అర్థమైంది, మీ డబ్బు రాడ్ల మీద, రీళ్ల మీద పోవడం లేదు. దారం మీద, రాళ్ల మీద, తడి మీద పోతోంది. ఈ మూడూ సరిచేస్తే మిగతా ఖర్చు దానంతట అదే తగ్గుతుంది.

దారం సంగతి ముందు చూద్దాం. నైలాన్ దారానికి ఎండ శత్రువు. మన ఊళ్లో మే నెల ఎండ సంగతి చెప్పక్కర్లేదు. రేకుల షెడ్డులోనో, కారు డిక్కీలోనో, బాల్కనీ గోడకు ఆనించో రాడ్ వదిలేస్తే చూడ్డానికి కొత్తగానే ఉన్న దారం ముడి దగ్గర టప్పున తెగుతుంది. వరదలో మునిగిన దారం మొత్తం తీసెయ్యండి, దాని మీద ఆశ పెట్టుకోకండి. కొత్త దారం కొనేటప్పుడు మాత్రం పిసినారితనం వద్దు. గాలం వేసేవాడు డబ్బు పెట్టాల్సినవి రెండే, దారం, గాలం. చేపకు, మీకు మధ్య ఉండేవి అవే.

అయితే మంచి దారాన్ని సగం ఖర్చుతో వాడుకునే పద్ధతి ఉంది. మీ స్పూల్‌లో రెండు వందల మీటర్లు పడుతుందనుకుందాం. కృష్ణ ఒడ్డునైనా, బందరు కాలువ గట్టునైనా మీరు విసిరేది ముప్పై నలభై మీటర్లకు మించదు. అంటే కింది దారం ఏళ్ల తరబడి నీటి ముఖం చూడదు. కాబట్టి అడుగున ఏదైనా చవకదారం సగం దాకా నింపండి, దానికి ముడివేసి పైన మంచిది వంద మీటర్లు చుట్టండి. స్పూల్ అంచుకు ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందికి ఉండేలా ఆపండి. ఇంకా నిండితే చిక్కు పడుతుంది, బాగా తగ్గితే దూరం పోదు.

కొన్ని నెలలకు ముందు భాగం గరుకెక్కుతుంది. అప్పుడు వంద మీటర్లూ పారెయ్యొద్దు. ఖాళీ గ్రౌండుకు వెళ్లి దారం కొసను ఒక స్తంభానికి కట్టండి. రీలు పట్టుకుని నడుస్తూ మంచిదారం అయిపోయేదాకా వదలండి. అక్కడ దాన్ని కత్తిరించి, ఆ కొస గాలికి చిక్కుపడకుండా ఏదైనా బరువు కింద పెట్టండి. వెనక్కి స్తంభం దగ్గరికి వచ్చి అక్కడి అరిగిన కొసను అడుగుదారానికి ముడివేసి చుట్టుకోండి. ఇప్పుడు అరిగింది కిందికి పోయింది, వాడనిది పైకి వచ్చింది. పావుగంట పని. ఒక స్పూల్ దారం డబ్బు మిగిలింది.

మామూలు రోజుల్లో చివరి రెండు మూడు మీటర్లను గోరుకు, వేలికి మధ్య జార్చి చూడండి. గరుకు తగిలితే అక్కడిదాకా కత్తిరించి కొత్త ముడి వెయ్యండి. గాలం కంటిలోంచి దారం దూర్చి, అయిదారు చుట్లు తిప్పి, కొసను కంటి దగ్గరి మొదటి సందులోంచి, తర్వాత పెద్ద లూపులోంచి దూర్చే ముడి మీకు వచ్చే ఉంటుంది. బిగించే ముందు ఉమ్మితోనైనా తడపండి. పొడిగా లాగితే రాపిడి వేడికి దారం అక్కడే బలహీనపడుతుంది. దారం తెగిందనుకునే చాలా సందర్భాల్లో తెగేది ముడే.

ఎంత మంచిదారమైనా ఊరికే తెగుతుంటే అది దూరివెళ్లే రాడ్ రింగులు చూడండి. కాస్త దూదిని ప్రతి రింగులో చుట్టూ తిప్పండి. దూది పోగు పట్టుకుందంటే అక్కడ పగులు ఉంది. ఆ ఒక్క రింగు మారిస్తే సరి. దారం జారే రోలర్ కూడా వేలితో తిప్పి చూడండి. అది తిరగకుండా బిగుసుకుపోయి ఉంటే ప్రతిసారీ మీ దారాన్ని కోస్తూ ఉంటుంది. మీ కొత్త సెట్టులో మొదట చూడాల్సింది అదే. కత్తిరించిన దారం ముక్కల్ని గట్టు మీద వదలకండి. కొంగల కాళ్లకు, పశువుల నోటికి అవి చుట్టుకుంటాయి. చిన్నచిన్న ముక్కలు చేసి ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వెయ్యండి.

ఇప్పుడు రాళ్లు. సీతానగరం వైపు అడుగున రాయి ఎక్కువ, అక్కడ సామాను పోకుండా ఉండదు. పోతే పోయేది చవకైనదిగా ఉండాలి, అంతే. సీసం గుండును అసలు దారానికి నేరుగా కట్టకండి. అసలు దారం పది కిలోల లాగుడుకు ఆగేదైతే, గుండుకు నాలుగు కిలోలకే తెగే దారం ఒక జానెడు విడిగా కట్టండి. గుండు రాళ్లలో ఇరుక్కుంటే ఆ జానెడు తెగి గుండు ఒక్కటే పోతుంది. గాలం, పట్టిన చేప ఉంటే చేప, మీకే మిగులుతాయి. ఆ గుండుకు కూడా డబ్బు పెట్టనక్కర్లేదు. ఆటోనగర్‌లో ఏ మెకానిక్కును అడిగినా పాత స్పార్క్ ప్లగ్గులు ఊరికే ఇస్తారు. కొసన వంగి ఉండే కొమ్ములోంచి తీగముక్క దూర్చి చిన్న రింగు చేసుకుంటే చక్కటి గుండు. సీసం కన్నా ఇది నీటికీ మేలే. సీసాన్ని పళ్లతో కొరికి నొక్కే అలవాటు ఉంటే ఈరోజే మానండి. ఇంట్లో సీసం కరగబెట్టి గుండ్లు పోసుకోవాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ పొగ, ఆ ధూళి విషం, పిల్లవాడున్న ఇంట్లో అసలు వద్దు.

ఇరుక్కున్నప్పుడు మీరేం చేస్తున్నారో కూడా నాకు అనుమానంగా ఉంది. రాడ్ పైకెత్తి రీలు పిడి బలంగా తిప్పుతున్నారేమో. కొత్త రీలు గరగరకు అది కూడా ఒక కారణం కావచ్చు. చేపను లాగడానికి చేసిన పళ్లచక్రాలు బండరాయిని లాగలేవు. రాడ్‌ను దారం దిశలోకి తిన్నగా దించండి, దారాన్ని ఒక కర్రముక్కకు నాలుగు చుట్లు చుట్టి, వెనక్కి నడుస్తూ లాగండి. చేతికి చుట్టుకోవద్దు, అల్లికదారమైతే చర్మం కోసేస్తుంది. బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజుల్లో దిగువన సామాను కోసం రాళ్ల మీదికి దిగడం కూడా వద్దు. పోయిన గుండు పోనివ్వండి.

మూడోది తడి. ఇంటికి రాగానే పది నిమిషాలు కేటాయించండి, చాలు. రీలు డ్రాగ్‌ను, అంటే చేప లాగితే దారం ఎంత బిగువుగా వదలాలో సరిచేసే మరను, పూర్తిగా బిగించి, తడిగుడ్డతో తుడవండి, లేదా మగ్గుతో సన్నగా నీళ్లు పొయ్యండి. బండి కడిగే పైపు పెట్టి కొడితే ఇసుక బయటికి రాదు, ఇంకా లోపలికి పోతుంది. ఆరాక డ్రాగ్ వదులు చేసి దాచండి. బిగించే ఉంచితే లోపలి వాషర్లు అణిగిపోయి చేప లాగినప్పుడు దారం కుదుపులతో వదులుతుంది. సూర్యలంకకో, నిజాంపట్నం వైపో వెళ్లి ఉప్పునీటిలో వేస్తే ఈ పని ఆ రాత్రే అయిపోవాలి. రేపు చూద్దాంలే అంటే ఉప్పు ఆగదు. గట్టు మీద రీలును ఇసుకలో పడుకోబెట్టే అలవాటు కూడా మానండి. ఒక పంగలకర్ర నాటితే ఇసుక బాధే ఉండదు.

గాలాల పెట్టెలో వాడిన గాలాన్ని తడిగా పెడితే ఆ ఒక్కటి పెట్టె మొత్తాన్ని తుప్పు పట్టిస్తుంది. వాడినవన్నీ విడిగా ఒక మూతలేని డబ్బాలో వేసి, మంచినీళ్లతో కడిగి, ఆరాకే లోపల పెట్టండి. కొత్త చెప్పుల డబ్బాల్లో, మందుసీసాల్లో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లాలు గాలాల పెట్టెలో రెండు వేసి ఉంచండి. మొన వాడి తగ్గిందో లేదో చూడాలంటే బొటనవేలి గోరు మీద మెల్లగా జార్చండి. గుచ్చుకుని ఆగితే బాగున్నట్టు, జారిపోతే సన్నటి ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దండి. నాన్నగారి పెట్టెలో ఎర్రగా తుప్పుతిన్న గాలాలు మాత్రం పారెయ్యండి, వాటి మీద ప్రేమ వద్దు. విడిగా చెత్తలో వేస్తే చెత్త ఎత్తేవాళ్ల చేతికి గుచ్చుకుంటాయి. ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి పారెయ్యండి. ల్యూర్ల, అంటే నకిలీ ఎరల, విషయం వేరు. వాటి ఒళ్లు బాగుంటే కింద వేలాడే మూడు కొక్కేల గాలాన్ని, దాన్ని పట్టే రింగును మారిస్తే కొత్తదానితో సమానం. మెత్తటి రబ్బరు ల్యూర్లను మాత్రం వాటి కవర్లలోనే ఉంచండి, గట్టి ప్లాస్టిక్‌వాటితో కలిపితే రెండూ కరిగి అంటుకుంటాయి.

నాన్నగారి రాడ్లు ఫైబర్‌గ్లాసువి అయితే వరద వాటిని ఏమీ చేసి ఉండదు. సబ్బునీళ్లతో పిడి రుద్ది, రింగులు పరీక్షించి, పడుకోబెట్టి దాచండి. ముక్కలుగా ఊడే రాడ్ అయితే అతుకుకు కొద్దిగా కొవ్వొత్తి మైనం రాస్తే బిగుసుకుపోదు. రాడ్లు ఎక్కువగా విరిగేది చేప వల్ల కాదు, తలుపుల మధ్య, బండి మీద. రాడ్ పట్టేంత పీవీసీ పైపు ముక్క, రెండు మూతలు తెచ్చుకుంటే మంచి పెట్టె తయారు. మీ కొత్తది కార్బన్ రాడ్ అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. కార్బన్‌లో కరెంటు పారుతుంది. కాలువ గట్ల మీద తలమీదుగా విద్యుత్ తీగలు పోయేచోట్ల విసరొద్దు, పైకెత్తి నడవొద్దు. ఉరుములు మొదలైతే రాడ్ దించేసి ఇంటికి రండి.

ఈ ఏడాదికి ఇంకే రాడ్డూ, రీలూ కొనకండి. ఒకవేళ ఎప్పుడైనా రీలు కొంటే, డబ్బా మీద ఎన్ని బేరింగులని రాశారో చూసి మోసపోవద్దు. నాలుగు మంచి బేరింగులు పన్నెండు నాసివాటి కన్నా మేలు. పిడి పట్టుకుని అటూఇటూ ఊపితే వదులు లేకుండా ఉందా, డ్రాగ్ మెల్లగా బిగుస్తోందా, అవి చూడండి. ఏడాదికోసారి పూర్తిగా విప్పి శుభ్రం చేసే పని వేసవిలో కాలువలు కట్టేశాక పెట్టుకోండి. అప్పుడు గట్టుకు వెళ్లినా ఉపయోగం తక్కువే. ఎరకు ప్యాకెట్లు కూడా కొనకండి. బొచ్చెకు, శీలావతికి తవుడు, వేరుశనగ చెక్క, కాస్త మైదా కలిపి ముద్ద చేస్తే సరిపోతుంది.

మీ అబ్బాయికి రాడ్ కొనొద్దు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి రీలు బరువు, విసరడం ప్రమాదం. సన్నటి వెదురుగడ ఒకటి, వాడి ఎత్తుకు రెట్టింపు ఉంటే చాలు. కొసన అంతే పొడవు దారం, చిన్న గాలం, బరువుకు స్పార్క్ ప్లగ్గు కూడా అక్కర్లేదు, చిటికెడు గుండు చాలు. బెండు కోసం తెగిపోయిన హవాయి చెప్పు ముక్కను గుండ్రంగా కోసి మధ్యలో చీపురుపుల్ల గుచ్చండి. వానపాము ముక్క ఎరగా పెట్టి చిన్న పంటకాలువలో వేస్తే పరిగెలు పడతాయి. బెండు మునగడం చూడ్డమే ఆ వయసులో పెద్ద పండగ. ఊరి చెరువులు చాలావరకు మత్స్యకార సంఘాలకో, లీజుకో ఇచ్చి ఉంటాయి, అక్కడైతే అడిగి వెయ్యండి. లోతైన కాలువల దగ్గర వాణ్ణి ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలొద్దు. వాడి గాలం మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పట్టకారుతో నొక్కేయండి, వేలికి గుచ్చుకున్నా సులువుగా వచ్చేస్తుంది. జెల్ల పడితే మాత్రం దాన్ని గాలం నుంచి మీరే తియ్యండి, వాణ్ణి ముట్టుకోనివ్వకండి. దాని రెక్కల ముళ్లు గుచ్చుకుంటే చాలాసేపు సలుపుతుంది.